మొహం చూపించలేదుగా

ఆ సీరియల్లో పెద్దబ్బాయి అప్పటికి మూడుసార్లు చచ్చి బతికాడు. ఒకసారి పడవ మునిగింది. ఒకసారి మేడ మీంచి పడ్డాడు. మూడోసారి ఎలా పోయాడో రాసినవాళ్ళకే గుర్తులేదు, అడిగితే "ఏదో జ్వరమండీ" అని తల గోక్కున్నారు. మూడుసార్లూ ఆరు నెలలు తిరక్కుండా గుమ్మంలో ప్రత్యక్షమై "అమ్మా!" అన్నాడు. తల్లి చేతిలో పళ్ళెం జారి కిందపడింది. ఆ పళ్ళెం పడటాన్ని మూడు పక్కల నుంచి తిప్పి తిప్పి చూపించారు. చూసేవాళ్ళకి కూడా అలవాటైపోయింది. పళ్ళెం చప్పుడు వినబడితే "ఆఁ, వచ్చాడు" అనుకుని, తల ఎత్తకుండా కూరగాయలు తరుక్కునేవాళ్ళు.

పదకొండేళ్ళుగా, వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్ అది. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ముసలివాళ్ళు కాలేదు, ఎవరూ బాగుపడలేదు, ఒక్కళ్ళకీ బుద్ధి రాలేదు. పెద్దబ్బాయి పెళ్ళాం, ఆ ఇంటి కోడలు, మొదటి వారం ఏ మెట్టు మీద కూర్చుని కళ్ళొత్తుకుందో ఇవాళ్టికీ అదే మెట్టు. అలా ఉంచడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకున్నారు మరి!

ఆవిణ్ణి సెట్లో అందరూ కంటిన్యుటీ అక్క అంటారు. ఆమె పని ఏమిటంటే, ఏదీ మారకుండా చూడటం. సోమవారం తీసిన షాటుకీ గురువారం తీసే షాటుకీ మధ్య కోడలి గడియారం ఎడమ చేతి నుంచి కుడి చేతికి పోకూడదు. గ్లాసులో నీళ్ళు సగానికి ఉంటే సగానికే ఉండాలి. షాటు అవగానే ఫోన్‌తో ఫొటో తీస్తుంది, లావుపాటి రిజిస్టర్లో రాస్తుంది, చివర "ఓకే" అనో "మళ్ళీ" అనో పెడుతుంది. ఆమె "మళ్ళీ" అని పెట్టిందంటే ఎంత డైరెక్టరైనా నోరు మూసుకుని మళ్ళీ తియ్యాల్సిందే. పదకొండేళ్ళలో ఆ రాతను కాదన్నవాడు లేడు. ఆమె తప్పు పట్టుకున్నవాడూ లేడు, ఎందుకంటే ఆమె ఏ తప్పూ చెయ్యలేదు.

రిజిస్టర్ మొదటి పేజీలో ఛానెల్ ఆయన చెబుతుంటే ఆమె రాసుకున్న నియమాలున్నాయి. అందులో నాలుగోది: ఎవరు పోయినా మొహం చూపించకూడదు. "గుడ్డ కప్పండి, నదిలో పడెయ్యండి, మంటల్లో తగలెయ్యండి, మీ ఇష్టం. మొహం మాత్రం చూపించకండి. చూపిస్తే తలుపుకి తాళం వేసినట్టే, మళ్ళీ లోపలికి తీసుకురాలేం" అని ఆయన వివరణ. అది రాసుకుంటూ అప్పట్లో ఆమె నవ్వింది కూడా.

ఏడు నెలల కిందట ఆమె భర్త చనిపోయాడు. లిఫ్ట్ మెకానిక్. వాళ్ళు ఉండే బిల్డింగులో లిఫ్ట్ లేదు. రోజూ మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చి, రొప్పుతూ, "ఇక్కడ ఎవరైనా లిఫ్ట్ పెడితే బావుణ్ణు, మంచి మెకానిక్ నాకు తెలుసు" అనేవాడు. రోజూ అదే జోకు, అదే చోట. ఒక పొద్దున్న పక్క ఊళ్ళో పద్నాలుగంతస్తుల భవనం మీద, లిఫ్ట్ మోటారు ఉండే గదిలో, చేతిలో రెంచీతో అలాగే కూలబడిపోయాడు. గుండె అన్నారు. అంతే.

ఆ వారమే అతని తల్లి స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, ఆసుపత్రి మంచం మీద ఉంది. కాలికి బరువు కట్టారు, అంగుళం కదలకూడదన్నారు. మూడు రోజులు ఆవిడకి చెప్పలేదు. నాలుగో రోజు కోడలే, అంటే ఈ అక్కే, చెప్పింది. అప్పటికి జరగాల్సినవన్నీ జరిగిపోయాయి.

అత్తగారు కొడుకు పేరు ఎత్తి ఏడవలేదు. గోడకేసి చూస్తూ ఒకే ఒక్క మాట అడిగింది.

"నువ్వు చూశావా?"

"చూశానత్తయ్యా."

"నేను చూళ్ళేదుగా" అంది.

కోడలు ఆవిడ దుప్పటి సర్దింది. కొన్నాళ్ళకి ఆసుపత్రి నుంచి పంపించారు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మనుషులు మూడంతస్తులూ మోసుకొచ్చారు. ఇంటికొచ్చిన రెండో వారం, సాయంత్రం ఏడింటికి, బఠాణీ కాయలు ఒలుచుకుంటూ సీరియల్ ముందు కూర్చుంది. తెర మీద ఎవరో పిన్నమ్మ గుడ్డ కింద పడుకుని ఉంది, ఇంటిల్లిపాదీ గొల్లుమంటున్నారు. అత్తగారికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఎందుకే వీళ్ళకింత ఏడుపు? మొహం చూపించలేదుగా. మొహం చూపించలేదంటే వస్తుందనే" అంది. అనేసి, టీవీ వైపు కాదు, వీధి గుమ్మం వైపు చూసింది. "అమ్మాయ్, మూడో కంచం కూడా పెట్టు. వాడొస్తే ఆకలి మీద వస్తాడు."

కోడలు పెట్టింది. పెట్టకుండా ఎలా ఉంటుంది? ఆ మాట ఈవిడ నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. రిజిస్టర్ మొదటి పేజీ, నాలుగో నియమం, తన చేతిరాత. పదకొండేళ్ళు రోజూ సాయంత్రం ఏడింటికి ఈ ముసలావిడకి నూరిపోసిన పాఠం అది. ఆ పాఠాన్ని తప్పుల్లేకుండా దిద్దిపెట్టింది తనే.

ఆ రోజు నుంచి ఇద్దరు మనుషులకి మూడు కంచాలు. మూడో కంచంలో కూడా వడ్డన జరగాలి. తర్వాత అది తీసి మూతపెట్టాలి. కోడలి చేతులు ఆ పని చేసేసేవి, మనసుతో పని లేకుండా. ఇంట్లో మిగతావీ అంతే. గుమ్మం దగ్గర అతని చెప్పులు ముక్కు బయటికి పెట్టి ఉండేవి, అలాగే ఉన్నాయి. కిటికీ తెరకి గుచ్చిన సూది, తెల్లదారంతో సహా, అక్కడే ఉంది. ఊడుస్తూ ఏదన్నా జరిపితే, మళ్ళీ సరిగ్గా ఎక్కడిదక్కడ పెట్టేసేది. అలవాటైన పనే కదా.

ఏడుపు రాలేదామెకి. రావాలి కదా అనుకుంది, రెండు మూడు రోజులు దానికోసం ఎదురుచూసింది కూడా, రాలేదు. గుండె రాయి చేసుకుంది పాపం అన్నారు అందరూ. రాయీ లేదు, పాడూ లేదు. లోపల ఏమీ లేదు, అంతే. పన్ను పీకేముందు మత్తు సూది ఇచ్చిన చిగురులా ఉంది. పన్నెండో రోజున పనిలోకి వెళ్ళిపోయింది. సీరియల్ కోడలి గడియారం ఎడమ చేతికే ఉంది. ఓకే అని రాసింది.

ఇదిలా ఉండగా పెద్దబ్బాయి వేషం వేసేవాడు మానేస్తానన్నాడు. సొంతంగా వ్యాయామశాల పెట్టుకుంటాడట. పదకొండేళ్ళు ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తాగని టీ తాగీ తాగీ విసుగొచ్చిందన్నాడు. ఎవరు మాత్రం తప్పుపడతారు?

దాంతో మీటింగ్ పెట్టారు. పొడుగాటి బల్ల, ఓ కొసన ఛానెల్ ఆయన, పక్కన ఆవులిస్తూ డైరెక్టరు, ఎదురుగా రెండు నెలల కిందటే వచ్చిన కొత్త రచయిత్రి. బక్కపలచటి పిల్ల, జుట్టు ముడిలో పెన్ను దోపుకుని అదే పెన్ను కోసం బల్లంతా వెతుక్కునే రకం. మూలన రిజిస్టర్ పట్టుకుని కంటిన్యుటీ అక్క.

"అక్కా" అంది రచయిత్రి, ఉన్నట్టుండి ఆమె వైపు తిరిగి. "పదకొండేళ్ళలో ఆ ఇంట్లో మారినవి ఏంటో చదువుతారా?"

అక్క పేజీలు తిప్పింది. "హాల్లో కర్టెన్లు. రెండుసార్లు."

"కథలో మార్చారా?"

"లేదమ్మా. ఎలుకలు కొరికాయి."

డైరెక్టరు కిసుక్కున నవ్వి, ఛానెల్ ఆయన మొహం చూసి దగ్గు కిందకి మార్చుకున్నాడు.

"చూశారా సార్" అంది రచయిత్రి. "మనకంటే ఎలుకలే నయం! జనం మన సీరియల్ పెట్టుకుంటున్నారు కానీ చూడట్లేదు. మా అమ్మే చూడదు, వింటుంది. ఏమన్నా అయిపోతుందేమో అన్న భయం ఒక్క పిసరన్నా ఉంటే కదా తలెత్తి చూసేది! ఎవడు పోయినా వస్తాడని తెలిశాక ఇంక ఏడవడం ఎందుకు? ఈసారి పెద్దబ్బాయి నిజంగా పోవాలి సార్. మొహం చూపిద్దాం. ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోవాలి. వాళ్ళమ్మ ముసలిదవ్వాలి. కోడలు ఏం చేస్తుందో మనకే తెలీకూడదు."

"మనకే తెలీకపోతే ఎలాగమ్మా?" అన్నాడు ఛానెల్ ఆయన. చెడ్డవాడేం కాదు, ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ఇళ్ళు నడిపి నడిపి జడిసిపోయిన మనిషి. "పొద్దస్తమానం ఎక్కడెక్కడో చాకిరీ చేసి ఇంటికొస్తారు. ఏడింటికి తెలిసిన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చోవాలనుకుంటారు. ఆ ఇంట్లో సామాను జరిపితే కాలికి తగిలి పడతారు. బయట జరిగే మార్పులు చాలవా వాళ్ళకి?"

"బయట జరిగినప్పుడు ఏం చెయ్యాలో తెలీకుండా పోతోంది సార్, ఇక్కడ మనం ఏమీ జరగనివ్వక."

కంటిన్యుటీ అక్క చేతిలో పెన్ను ఆగింది. చెప్పాలనుకుంది. మా ఇంట్లో ఒకావిడ మూడో కంచం పెట్టిస్తోంది, మీ నాలుగో నియమం పుణ్యమా అని. ఈసారన్నా పెద్దబ్బాయిని పోనివ్వండి బాబూ, వాడు మళ్ళీ గుమ్మంలో నిలబడి "అమ్మా" అన్నాడంటే మా అత్తగారు బతికినంతకాలం గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటుంది.  కానీ రిజిస్టర్లో మీటింగ్ తేదీ మాత్రం రాసుకుంది. అయినా ఆమెని అడిగిందెవరు?

చివరికి తేల్చింది ఇదీ: కారు నదిలో పడుతుంది. మనిషి దొరకడు. మూడు నెలల తర్వాత, మొహానికి ఆపరేషన్ అయిందని చెప్పి కొత్త నటుణ్ణి తెస్తారు. రచయిత్రి పెన్ను కోసం బల్లంతా వెతికి, జుట్టులోంచి తీసుకుని రాసుకుంది.

ఆ సాయంత్రం అత్తగారు అడగనే అడిగింది. "పెద్దాడు మళ్ళీ పోతాడటగా? పక్క పోర్షన్ అమ్మాయి చెప్పింది."

"అవునత్తయ్యా. కారు నదిలో పడుతుంది."

"మొహం చూపిస్తారా?"

"చూపించరు."

"మరింకేం!" అంది అత్తగారు. గొంతులో ఏదో హుషారు. మూడో కంచంలో ఇంకో గరిటెడు వెయ్యమని సైగ చేసింది. కోడలు వేసింది.

*

పదిరోజుల తర్వాత డైనింగ్ టేబుల్ సీను. కారు పడిపోయి పదిహేను రోజులైంది కథలో. ఇంటిల్లిపాదీ పొద్దున్నే టీ దగ్గర కూర్చుంటారు. తల్లి "వాడు వస్తాడు, నా మనసు చెబుతోంది" అనాలి, కోడలు అలవాటు ప్రకారం మెట్టు మీదికి పోవాలి. రోజుకి ఆరు సీన్లు తియ్యాలి కాబట్టి డైరెక్టరు అప్పటికే తరవాతి సీను లైట్ల గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

టేబుల్ సర్దింది కంటిన్యుటీ అక్కే. ఎవరి కప్పు వాళ్ళది. పెద్దాయనకి గోధుమరంగు కప్పు, చిన్నకోడలికి చెవి విరిగి అతికించింది, పెద్దబ్బాయికి నీలం అంచుది. పెద్దబ్బాయి టీ ఎప్పుడూ సగమే. సగంలో ఫోను మోగి లేచిపోవడం మొదటి ఎపిసోడ్ నుంచీ అతని అలవాటు. అందుకని నీలం అంచు కప్పులో సగం టీ పోసి, పక్కన కళ్ళజోడు డబ్బా పెట్టి, కప్పు చెవి కుడివైపుకి తిప్పి, అక్క వెనక్కొచ్చి నిలబడింది.

అర్థమైందిగా? చచ్చినవాడికి టీ పోసింది. పదకొండేళ్ళలో మొదటి తప్పు, అదీ మామూలు తప్పు కాదు, గుడ్డివాడికి కూడా కనిపించే తప్పు. కానీ ఎవరికీ కనిపించలేదు. లైట్‌బాయ్‌కి కనిపించలేదు, కెమెరామన్‌కి కనిపించలేదు. ఎప్పుడూ మారనిదాన్ని ఎవరు చూస్తారు? ఆమెకీ కనిపించలేదు. నెలల తరబడి ఇంట్లో సాయంత్రం పూట చేస్తున్న పనే చేతులు పొద్దున్న చేశాయి.

కెమెరా తిరిగింది. తల్లి వేషం వేసే పెద్ద నటి కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్ళు రంగస్థలం మీద నిలబడ్డ మనిషి, ఈ సీరియల్లో మాత్రం పళ్ళేలు జారవిడవడానికే పనికొస్తోంది. "వాడు వస్తా..." అని మొదలుపెట్టి ఆగింది. కప్పు చూసింది. చెయ్యి చాపి ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

మాట మర్చిపోయిందనుకున్నారు అందరూ.

"ఇది ఎవరు పెట్టారే?" అంది.

స్క్రిప్టులో లేని మాట. కోడలి వేషం వేసే అమ్మాయి బిక్కచచ్చిపోయింది. డైరెక్టరు చూడబోతే ఫోను చెవికి పెట్టుకుని, నోరు తెరిచి ఉండిపోయాడు. కట్ చెప్పడు. ఆ అమ్మాయి కప్పు వైపు చూసింది.

"నేనే... అత్తయ్యా."

"వాడు లేడు కదే."

"తెలుసు. చెయ్యి పెట్టేస్తోంది."

పెద్ద నటి కప్పు చెవి పట్టుకుని తనవైపుకి తిప్పుకుంది. తర్వాత చాలా మామూలుగా, ధర అడిగినట్టు అడిగింది. "నది దగ్గరికి పోలీసులు పిలిస్తే నువ్వేగా వెళ్ళింది. చూశావా?"

ఆ పిల్ల ఏం చెబుతుంది పాపం? చూడలేదంటే సీను అక్కడితో చస్తుంది. చూశానంటే ఏమవుతుందో ఆలోచించే టైము లేదు. కళ్ళలో నీళ్ళు వాటంతటవే వచ్చేశాయి, గ్లిసరిన్ లేకుండా.

"చూశాను" అంది.

పెద్దావిడ లేచింది. కప్పు పట్టుకుని సెట్టు వంటింట్లోకి నడిచింది. కెమెరామన్ ఎవరూ చెప్పకుండానే వెంట తిప్పాడు. సింకులో టీ పారబోసింది. ఆ సింకుకి గొట్టం లేదు, అంతా అట్టముక్కల వ్యవహారం, టీ కిందికి కారి నేల మీద బొట్టుబొట్టుగా పడుతున్న చప్పుడు మైకులో వినబడింది. ఆవిడ కప్పు బోర్లించి పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి, అలాగే నిలబడింది. ఏడవలేదు. టీ చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

అప్పుడు చెప్పాడు డైరెక్టరు, "కట్" అని. 

తర్వాత జరిగిన గొడవ మామూలుది కాదు. ఛానెల్ ఆయన పరుగున వచ్చాడు. మానిటర్ మీద రెండుసార్లు వేయించుకుని చూశాడు. మొదటిసారి తల కొట్టుకున్నాడు, రెండోసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన బాధ ఆయనది. "బాగుందమ్మా, బాగోలేదని ఎవరన్నారు? కానీ చూశానందే ఆ అమ్మాయి! పెళ్ళామే చూశానన్నాక ఇంక వాణ్ణి ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? ఆపరేషన్ ఎవరికి చెయ్యమంటారు?"

"వద్దు సార్, ఎవరికీ చెయ్యొద్దు" అంది రచయిత్రి.

"నువ్వూరుకో తల్లీ. అసలు ఆ కప్పు అక్కడికెలా వచ్చింది?"

అందరూ కంటిన్యుటీ అక్క వైపు చూశారు.

"నేనే పెట్టానండీ" అంది.

"నువ్వా?" ఛానెల్ ఆయనకి కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. వెంటనే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పోన్లే, దారి దొరికింది. తప్పే కదా? ఉండకూడని వస్తువు ఉంది కదా? 'మళ్ళీ' అని రాసెయ్. రేపు పొద్దున్న తీసేద్దాం. నీ రాత ఉంటే ఎవరూ ఎదురు చెప్పరు."

"నేను మాత్రం మళ్ళీ చెయ్యను" అంది పెద్ద నటి, కుర్చీలోంచి లేవకుండా. "చెయ్యమన్నా రాదు. అది ఒక్కసారికే."

అక్క రిజిస్టర్ తెరిచింది. సీను నంబరు రాసింది, తేదీ రాసింది. చివరి గడి ఖాళీగా ఉంది. ఆమె ఉద్యోగం ప్రకారం అది తప్పే, సందేహమే లేదు. "మళ్ళీ" అని రెండక్షరాలు రాస్తే చాలు, కప్పు మాయమవుతుంది, చూశానన్న మాట మాయమవుతుంది, మూడు నెలల తర్వాత ఎవడో కొత్త మొహంతో గుమ్మంలో నిలబడతాడు. ఇంటి దగ్గర ముసలావిడ "చెప్పానా!" అంటుంది. మూడో కంచం అలాగే ఉంటుంది. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. తను పెడుతూనే ఉంటుంది.

"కప్పు తప్పు కాదండీ" అంది.

"ఏంటమ్మా?"

"మనిషి పోయిన ఇంట్లో కప్పు అలాగే ఉంటుందండీ. ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. మా ఇంట్లో ఉంది. మనం ఇప్పటిదాకా చూపించిందే తప్పు." ఒక్క గుక్కలో అనేసింది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

చివరి గడిలో "ఓకే" అని రాసింది. దాని పక్కన, కర్టెన్లు తప్ప ఇంకేమీ రాయని మార్పుల గడిలో, ఇంకో మాట రాసింది: నీలం అంచు కప్పు ఇక లేదు.

ఛానెల్ ఆయన ఆ పేజీ వంక చాలాసేపు చూశాడు. పక్కవారమే ప్రసారం, వేరే సీను తీసే వ్యవధి లేదు, పెద్దావిడ మొండికేసింది, పైగా ఆ రిజిస్టర్‌ని కాదన్న చరిత్ర లేదు. "మీ చావు మీరు చావండి" అని, ఆ మాట ఎవరి ముందు అన్నాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకుని, వెళ్ళిపోయాడు.

*

పక్కవారం, మంగళవారం, ఏడు గంటలు. అత్తగారు నడవడానికి ఇచ్చిన చక్రాల స్టాండు పక్కన పెట్టుకుని, ఒళ్ళో చేటతో బఠాణీలు ఒలుస్తోంది. కోడలు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ సీరియల్ నిలబడి చూడటం ఆమెకి అలవాటు లేదు. ఆ రోజు దానికోసమే ముందుగా అడిగి వచ్చేసింది.

టేబుల్, కప్పులు. "ఇది ఎవరు పెట్టారే?"

అత్తగారి చేతులు ఆగాయి. తల ఎత్తింది. పదకొండేళ్ళలో ఆ ముసలావిడ ఆ సీరియల్‌కి తల ఎత్తి చూడటం కోడలు ఎప్పుడూ చూడలేదు. ఒక బఠాణీ చేట మీంచి దొర్లి, నేల మీద పడి, గుమ్మం దగ్గర చెప్పుల దాకా పోయింది.

"చూశాను" అంది తెర మీది కోడలు.

టీ బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. తర్వాత ఏదో సబ్బు ప్రకటన. అత్తగారు రిమోట్ వెతికి టీవీ ఆపేసింది. ఏడున్నర కాకుండా ఆ ఇంట్లో ఆ టీవీ ఆగడం అదే మొదటిసారి.

"వాడింక రాడు కదూ" అంది.

సీరియల్ సంగతి అడుగుతోందా, ఇంకేమన్నానా అని కోడలు ఆలోచించలేదు. "రాడత్తయ్యా" అంది.

అత్తగారు తలూపింది. చేట పక్కన పెట్టింది. ఒళ్ళో తొక్కలు దులుపుకుంది.

"నువ్వు చూశానన్నావు ఆ రోజు."

"ఊఁ."

"ఫొటో తీశావా?"

"తియ్యలేదు. అన్నిటికీ తీస్తాను. దానికి తియ్యలేకపోయాను."

"మరైతే చెప్పు. మొహం ఎలా ఉంది?"

కోడలు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఏడు నెలలుగా ఎవరూ అడగలేదు ఆ మాట. అందరూ ఎలా జరిగిందని అడిగారు, ఎన్ని గంటలకని అడిగారు. ఆమెకి అంతా గుర్తుంది. గుర్తుంచుకోవడమే కదా ఆమె పని. రిజిస్టర్ చదివినట్టే మొదలుపెట్టింది.

"కళ్ళు మూసే ఉన్నాయి. ఎడమ కన్ను కొంచెం తెరుచుకుంది, సన్నగా. నేను మూశాను. గడ్డం గీసుకోలేదు, ఆ పొద్దున్న టైము లేదన్నారు. నుదురు మీద దెబ్బ ఏమీ లేదు. నోరు మామూలుగానే ఉంది. జోకు వేసి, మనం నవ్వుతామా లేదా అని చూస్తారే, అలా."

"ఊఁ. చెప్పు."

"చెవి దగ్గర గ్రీజు మరక. ఎడమ చెవి."

"తుడిచావా?"

"తుడిచానత్తయ్యా. నా కొంగుతో."

"మంచి పని చేశావు" అంది అత్తగారు. కోడలి తల మీద చెయ్యి వేసింది. బఠాణీ పచ్చివాసన వేస్తోంది ఆ చెయ్యి.

"బూడిదరంగు చొక్కా. తెల్ల గుండీలు. చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. రెండో గుండీ..." అక్కడ ఆగింది. మళ్ళీ అంది, "రెండో గుండీ లేదు. వేలాడుతోందని పొద్దున్నే చూశాను. ఇప్పుడే కుడతానుండండీ అన్నాను. సాయంత్రం కుడుదువుగాన్లే అన్నారు. నేను దారం ఎక్కించి పెట్టుకున్నాను, అత్తయ్యా. సూదిలో దారం ఎక్కించి కిటికీ తెరకి గుచ్చిపెట్టుకున్నాను, సాయంత్రం రాగానే కుట్టెయ్యొచ్చని..."

అప్పుడొచ్చింది ఏడుపు. ఏడు నెలల ఏడుపు, ఒక పద్ధతీ పాడూ లేకుండా, ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పడుతూ, ముసలావిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. అత్తగారు కూడా ఏడ్చింది. కొడుకు పేరు పెట్టి, గట్టిగా, పక్క పోర్షన్ వాళ్ళు తలుపు తీసి చూసేంత గట్టిగా.

ఎనిమిది దాటాక అత్తగారు స్టాండు పట్టుకుని లేచింది. కోడలు లేవబోతే వద్దంది. అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు, మూతల చప్పుడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ ఆ పని చెయ్యడం అదే మొదలు.

కంచాలు పెట్టింది. రెండు.